మెత్తటి బంతి

కట్టంగూర్ దాటి నకిరేకల్ దిక్కుపోయే రోడ్డు మీద ఏ చాయ్ దుకాణంలోనైనా విజేందర్ పేరెత్తి చూడండి. తండ్రి కన్ను పోగొట్టినవాడి చెయ్యి విరిచి, ముందు పళ్లు రాలగొట్టి, జైలుకు పోయొచ్చిన మొగోడు అంటారు. కంటే అట్లాంటి కొడుకును కనాలె అని పెద్దమనుషులు తలలూపుతారు. విజేందర్ మాత్రం ఆ దుకాణాల ముందు బండి ఆపడు. ఆ జనానికి తెలిసింది సగమే. ఆ సగమే వాళ్లకు రుచిగా ఉంది కాబట్టి మిగిలిన సగం ఎవరూ అడగలేదు.

తండ్రి సైదులుది రెండెకరాల చెలక. పటేలు దగ్గర జీతమున్న కుటుంబానికి సర్కారు పంచిన భూమి. పంచిన భూమి అంటే ఏముంటుంది, మనిషెత్తు బండలూ తుమ్మలూ. సైదులు, భార్య బిక్షమ్మ కలిసి గడ్డపారతో ఆ బండల మీద పగబట్టినట్టు పడి, అరచేతులు పగిలి నెత్తురు కారినా వదలక, ఏళ్ల తరబడి తవ్వి పత్తి పండేలా చేసుకున్నారు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఆ చెలక పక్కనే హైదరాబాదు కంపెనీ ఒకటి గుట్టంతా కొన్నది. మందుగుండు పెట్టి గుండ్లు పేల్చింది. ఆ పేలుళ్లకు సైదులు ఇంటి గోడ నిలువునా చీలింది, చూడి గేదె తట్టుకోలేక ఈసుకుపోయింది, కడుపులో దూడ దక్కలేదు. ఉలవలు కూడా మొలవని జాగాలో పచ్చటి గడ్డి పరిచి, జెండాలు పాతి, గోల్ఫ్ మైదానం అన్నారు.

విజేందర్ అప్పటికి ఇంటర్ తప్పి హైదరాబాదు అంచున అలాంటి మైదానంలోనే కేడీగా ఉన్నాడు. కేడీ అంటే ఆడేవాళ్ల వెంట కర్రల సంచి మోసేవాడు, బంతి ఏ దిక్కు కొట్టాలో చెప్పేవాడు, అడిగిన కర్ర తీసిచ్చేవాడు, అడిగిన బంతి చేతిలో పెట్టేవాడు. ఊరి పక్కనే మైదానం పడిందని తెలిసి ఇంటికొచ్చేశాడు. పొద్దున సంచి మొయ్యడం, సాయంత్రం చెలకలో నాయినకు సాయపడటం. తల్లి చేతి అన్నం తినొచ్చు. అంతకంటే ఏం కావాలి అనుకున్నాడు.

ఒకరోజు అన్నం తినేటప్పుడు తండ్రికి బంతుల సంగతి చెప్పాడు. చూడ్డానికి అన్నీ ఒకటే తెలుపు. గట్టి బంతి ఉంటుంది, గోరు దిగదు. కొడితే చాలా దూరం పోతుంది, గాలిలో గిరగిరా తిరగడం తక్కువ. అందుకని కొట్టేవాడి చెయ్యి వంకరైనా బంతి వంకర అంతగా బయటపడదు. కాకపోతే జెండా దగ్గర పడ్డాక నిలవదు, పలుపు తెగిన దూడలా ఉరుకుతుంది. మెత్తటి బంతి అలా కాదు. గోరుతో ఒత్తితే గుర్తు పడుతుంది. బాగా తిరుగుతుంది కాబట్టి పడ్డచోట పట్టుకున్నట్టు ఆగుతుంది. చెయ్యి సాపుగా ఉన్నవాడికి అది బంగారం. చెయ్యి వంకరున్నవాడు కొట్టాడా, ఆ తిరుగుడే దాన్ని పక్కకు లాక్కుపోతుంది.

"బంతికి గూడ గిన్ని నకరాలారా?" అని సైదులు పొలమారేదాకా నవ్వాడు.

"నవ్వకు బాపూ. చేన్ల ఉన్నప్పుడు నేను 'ఫోర్' అని కేకేస్తే నెత్తి మీద చేతులు పెట్టుకోని కూసో. బంతి అటు వస్తాందని లెక్క. తగిల్తే పుర్రె పలుగుతది."

"సరే బిడ్డా, కూసుంట తియ్" అన్నాడు సైదులు. ఆ మాట తరవాత కూడా విజేందర్ చాలాసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా ఆయన అలాగే తలూపాడు.

ఇక వీరేశం. ఆ మైదానంలో ఆడటానికి వచ్చే కంకర మిషన్ల యజమాని. ఆ చుట్టుపక్కల గుట్టలన్నిటినీ పిండి చేసి అమ్ముకున్నవాడు. గుట్టల మీద పని తీరినట్టుంది, మనుషుల మీద పడ్డాడు. ఆట సరిగా సాగకపోతే పక్కనున్నవాడి చెంప పగలాల్సిందే. తను కొట్టబోయేటప్పుడు తుమ్మాడని బెంజమిన్ అనే కేడీ మోకాలి కింద ఇనుప కర్రతో కొట్టాడు. ఎముక పగిలి, బెంజమిన్ రెండు నెలలు మంచం మీదే ఉన్నాడు. ఆ తరవాత వీరేశం సంచి మొయ్యడానికి ఒక్కడూ ముందుకు రాలేదు. మేనేజరు వచ్చి విజేందర్ భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యికి అర్థం ఏమిటో చెప్పక్కర్లేదు. పని కావాలంటే మొయ్యాలి.

వీరేశం బలంగా కొడతాడు. చెయ్యి మాత్రం కుడికి వంకర. అది రెండో రోజే విజేందర్ కనిపెట్టాడు. అప్పటి నుంచి గట్టి బంతే ఇస్తూ వచ్చాడు. బంతులు దాదాపు నేరుగా పోవడం మొదలుపెట్టాయి. వీరేశం మీసం తిప్పుకున్నాడు. బంతి వంక ఏనాడూ చూసిన మనిషి కాదు. వెనక్కి చెయ్యి చాపుతాడు, అందులో బంతి పడాలి, అంతే. దెబ్బలు తగ్గాయని విజేందర్ కూడా ఊపిరి పీల్చుకున్నాడు. తగ్గాయే తప్ప పోలేదు. నెలకోసారైనా చెంప మండించుకునే ఇంటికొచ్చేవాడు. ఎండ అని తల్లికి చెప్పేవాడు.

భాద్రపదంలో ఒక రోజు. పత్తి నడుమెత్తు పెరిగింది. పొద్దున్నే సైదులు తువ్వాల భుజాన వేసుకుని బయలుదేరాడు.

"నకిరేకల్ల యూరియా దిగిందంట. చెప్పులు లైన్ల పెట్టి కూసోవాలె. పొద్దూకితే గని రాను" అన్నాడు.

విజేందర్ ఆ మాట విన్నాడు. విని, మైదానానికి పోయాడు.

వీరేశం ఆ రోజు సూర్యాపేట నుంచి ఇంకో కాంట్రాక్టరును వెంటేసుకొచ్చాడు. పైకి చుట్టరికం, లోపల పోటీ. నాలుగో జెండా దగ్గర వీరేశం కొట్టిన బంతి గుంటను దాటి, ఉరికి ఉరికి ఇసుకలో పడింది. సూర్యాపేటాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. వీరేశం తిరిగాడు. విజేందర్ చెంప మీద ఒకటి, ఆ చెయ్యి వెనక్కి తిప్పి రెండోవైపు ఇంకొకటి. టోపీ ఎగిరి ఇసుకలో పడితే బూటు కాలితో తొక్కాడు.

"లైను సక్కగ జెప్పుడు రాదా నీకు? నీ అయ్య నా మిషన్ కాడ కంకర తట్టలు మోసేటోడు. నేను దయ దలిస్తెనే మీ ఇంట్ల పొయ్యి అంటుకునేది. యాది పెట్టుకో."

పెదవి లోపలివైపు తెగి నోరంతా ఉప్పగా అయింది విజేందర్‌కు. ఉమ్మేస్తే వీరేశం బూటు మీద పడుతుందని మింగాడు. తనను కొట్టినందుకు కాదు, నాయిన పేరు ఆ నోట్లో నలిగినందుకు కోపం రగిలింది. ఎదురు తిరిగితే పని పోతుంది. పళ్లు కొరుకుతూ సంచి ఎత్తుకుని వెనకే నడిచాడు.

ఐదో జాగా. ఎదురుగా పొడుగాటి గడ్డి బాట, దానికి కుడివైపు ఇనుప కంచె. కంచె అవతల సైదులు పత్తి చెలక. వీరేశం పొడుగు కర్ర తీసుకుని వెనక్కి చెయ్యి చాపాడు. విజేందర్ చెయ్యి సంచిలోకి పోయింది. వేళ్లకు గట్టి బంతి తగిలింది. వదిలేశాడు. ఇంకొంచెం లోపలికి పోనిచ్చి మెత్తటిది పట్టుకున్నాడు. గోరుతో ఒత్తి చూశాడు. గుర్తు పడింది.

ఇది కుడికి తిరిగి చేన్లో పడుతుంది. సూర్యాపేటాయన మళ్లీ నవ్వుతాడు. ఇంకో బంతి అడుగుతాడు, అదీ మెత్తటిదే ఇస్తాను. సాయంత్రానికి వీరేశం పరువు కంకరైపోవాలి. ఇదీ విజేందర్ లెక్క. ఒకసారి చేను వంక చూశాడు. ఎవరూ లేరు. నాయిన నకిరేకల్‌లో చెప్పుల పక్కన కూర్చుని ఉంటాడు. బంతి వీరేశం అరచేతిలో పెట్టాడు.

అసలు సంగతేమంటే, నకిరేకల్‌కు యూరియా రానేలేదు. లారీ రేపొస్తుందని చెప్పి గోదాముకు తాళమేశారు. సైదులు ఎవరిదో ట్రాలీ ఆటో ఎక్కి తిరిగొచ్చి, పొద్దు వృథా ఎందుకని చేన్లోకి దిగి, సాళ్ల మధ్య గొంతుక్కూర్చుని గడ్డి పీకుతున్నాడు. నడుమెత్తు పత్తిలో కూర్చున్న మనిషి ఎవరికి కనబడతాడు?

వీరేశం కోపమంతా కర్రలో పెట్టి కొట్టాడు. చప్పుడు గుట్టకు తగిలి వెనక్కి వచ్చింది. బంతి ముందు నేరుగానే లేచింది. లేచి, గాలిలో సగం దూరం పోయాక కుడికి మళ్లింది. మళ్లి మళ్లి కంచె వైపు వంగింది. విజేందర్‌కు ఎంత సంతోషమైందో చెప్పలేం. తెగిన పెదవితోనే నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే బంతి పోతున్న దిక్కు చూస్తే, పత్తి చెట్లు కదులుతున్నాయి. వాటి సందులో ఎముకలు తేలిన వీపు ఒకటి, దాని మీద నాయిన తువ్వాల.

"ఫోర్!" అని అరిచాడు. గొంతు చీరుకుపోయేలా అరిచాడు. "ఫోర్! బాపూ!"

ఇక్కడ సైదులు సంగతి ఒకటి చెప్పాలి. పటేలు జొన్న చేన్లలో పిల్లగాడిగా జీతమున్నప్పుడు, మంచె మీద కావలివాడు వడిసెల తిప్పి పిట్టల మీదికీ అడవిపందుల మీదికీ రాళ్లు విసిరేవాడు. వదిలే ముందు గట్టిగా కేక పెట్టేవాడు. ఆ కేక వినగానే చేన్లో వంగి ఉన్నవాళ్లంతా లేచి నిలబడాలి, తువ్వాల ఎత్తి ఊపాలి. మనిషి కనబడితే రాయి ఇంకో దిక్కు తిరుగుతుంది. వంగి ఉన్నవాడికే తగులుతుంది. ఒకసారి సైదులు లేవడం మరిచాడు. రాయి వచ్చి భుజం ఎముక విరిగింది. పటేలు మనిషి వచ్చి, విరిగిన ఆ భుజం మీదనే చర్నాకోలతో వాయించాడు. "కేకేస్తె లేస్తవా లేవవా" అని ఒక్కో దెబ్బకు ఒక్కోసారి అడిగాడు. పన్నెండేళ్ల ఒంటికి అలా నేర్పిన పాఠం ఇంకో పాఠం చెబితే చెరిగిపోతుందా? కొడుకు ఇంట్లో అన్నం ముందు చెప్పినప్పుడు తలకు ఎక్కింది. ఒంటికి ఎక్కలేదు.

కేక వినబడింది. ఒళ్లు దానంతట అదే లేచింది. సైదులు నిటారుగా నిలబడి, తువ్వాల తీసి ఎత్తి, నేనున్నాను అని చూపిస్తూ కేక వచ్చిన దిక్కు మొహం తిప్పాడు. బంతి నేరుగా వచ్చి ఎడమ కంట్లో పడింది.

విజేందర్ కంచె ఎలా దూకాడో అతనికే తెలియదు. ఇనుప ముల్లు తొడను చీరింది. పోయి చూసేసరికి సైదులు సాళ్ల మధ్య వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాడు. రెండు చేతులతో మొహం పట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు, నెత్తురుతో పాటు ఇంకేదో చిక్కటిది కారి గడ్డంలోకి పోతోంది. చెయ్యి తీసి చూడబోయి విజేందర్ తీయలేకపోయాడు. వెనకనే కుంటుకుంటూ బెంజమిన్ వచ్చాడు. ఇద్దరూ మోసుకుపోయి రోడ్డు మీద ఆటో ఎక్కించారు. "నేను దవాఖానకు తీస్కపోత, నువ్వు అమ్మను తోల్కరా" అన్నాడు బెంజమిన్. ఆటో కదిలింది.

విజేందర్ ఊరి దిక్కు తిరిగాడు. తిరిగి, రెండడుగులు వేశాడో లేదో, మైదానంలోంచి వీరేశం కేక వినబడింది.

"అరేయ్! బంతి దొరికిందా? దొర్కకపోతే ఇంకోటి తీస్క రా!"

ఊరి దిక్కు పోవాల్సిన కాళ్లు మైదానం దిక్కు తిరిగాయి. గడ్డి మీద పడున్న సంచిలోంచి బరువైన ఇనుప కర్ర ఒకటి లాగాడు. ఏ కర్ర ఏ దూరానికో తెలిసినవాడు కదా, దగ్గరి దెబ్బకు పనికొచ్చేదే తీశాడు. సూర్యాపేటాయన ఆ మొహం చూసి, చుట్టరికం సంగతి మరిచి కారు వైపు పరుగెత్తాడు. వీరేశం నోరు తెరిచేలోపు మొదటి దెబ్బ ముంజేతి మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు విరిగింది. రెండోది మోకాలి మీద. మనిషి కూలబడ్డాడు. కూలినవాణ్ని వీపు మీద, పక్కటెముకల మీద, విరిగిన చేతి మీద మళ్లీ కొట్టాడు. మోకాలి దెబ్బకు "ఇది బెంజమిన్‌ది" అన్నాడు. మిగిలిన దెబ్బలు ఎవరివో చెప్పలేదు. వీరేశం కేకలకు పనివాళ్లు పోగయ్యారు. ఒక్కడూ అడ్డం రాలేదు. ఆ మైదానంలో అతని చెయ్యి తగలని చెంప లేదు.

"ఎందుకు కొడుతున్నవ్ రా!" అని వీరేశం ఏడ్చాడు. ఏడుస్తూ ఉన్న మాట అన్నాడు. "నాకేం ఎరుక? నువ్విచ్చిన బంతే గద నేను కొట్టింది! నీ చేతులకెల్లే గద తీస్కున్న!"

ఆ నోటి మీద కొట్టాడు విజేందర్. పెదవులు చీలి, ముందు పళ్లు విరిగి గడ్డి మీద పడ్డాయి. ఇంకో మాట రాకుండా మళ్లీ కొట్టాడు. మూడోసారి ఎత్తేసరికి పనివాళ్లకే భయమేసి వెనక నుంచి పట్టుకున్నారు.

బిక్షమ్మ ఊళ్లోంచి కొడవలితో పరుగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. ఎవరో దారిలోనే చెప్పారట. వచ్చి, నేల మీద మూలుగుతున్న వీరేశం పక్కలో ఒక్క తాపు తన్నింది. మొహం మీద ఉమ్మింది. ఆ తరవాత నెత్తుటి చేతులతో నిలబడ్డ కొడుకును దగ్గరికి తీసుకుని నుదురు ముద్దుపెట్టుకుంది.

"నిన్ను గన్నందుకు నా కడుపు సల్లబడ్డది బిడ్డా. మీ బాపు ఇంటె ఎంత సంబురపడ్తడో."

విజేందర్ ఆమె చేతులు విడిపించుకుని పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు. కొత్తగా నెత్తురు చూశాడు కదా పాపం అన్నారు జనం. నెత్తురుకు కాదు. తల్లి ముద్దు పెట్టిన నుదురు మీద ఇంకా ఆ తడి ఉంది, దాన్ని ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

పోలీసులొచ్చారు, బేడీలేశారు, నల్లగొండ జైలుకు పంపారు. హైదరాబాదు పెద్ద దవాఖానలో సైదులు కన్ను తీసేశారు. జైలు లోపల కూడా విజేందర్‌కు మర్యాదే. తండ్రి కోసం కొట్టినవాడని అన్నం దగ్గర ముందు కూర్చోబెట్టారు. ఆ మర్యాదకు అతనికి ముద్ద దిగేది కాదు.

కట్టు ఊడకముందే సైదులు ములాఖత్‌కు వచ్చాడు. ఇనుప జాలీకి అవతల నిలబడి, మిగిలిన కంటితో కొడుకును వెతికి పట్టుకోవడానికి కాసేపు పట్టింది.

"వకీలు చెప్పిండు" అన్నాడు. "కన్ను సంగతి మనం అడగకపోతే గాయన కేసు వాపస్ తీస్కుంటడంట. రాజీ అయితే నువ్వు బయటికొస్తవంట. నేనే లేచి నిలబడ్డ, తప్పు నాదే అని చెప్త. అబద్ధం గాదు బిడ్డా. నువ్వు సక్కగనే కేకేసినవు. నీ గొంతు ఇన్న. ఇని లేచిన. కూసోమన్నది యాదికి రాలే. ఊకెనే ఆ మనిషిని సావగొట్టినవు."

విజేందర్ జాలీ పట్టుకున్నాడు. తండ్రి తప్పు తన మీద వేసుకుంటూ ఆ కట్టు మొహంతో తననే ఓదారుస్తుంటే తట్టుకోలేకపోయాడు. చెప్పేశాడు. రెండు చెంపదెబ్బలు, వీరేశం అన్న మాట, సంచిలో వదిలేసిన గట్టి బంతి, గోరుతో ఒత్తి మరీ ఏరిన మెత్తటి బంతి, అది చేను వైపు మళ్లుతుంటే తను నవ్విన నవ్వు. ఏదీ దాచలేదు.

సైదులు కంటి మీది కట్టు అంచు సవరించుకున్నాడు. చుట్టూ వేరేవాళ్ల ములాఖత్‌లు గోలగోలగా సాగుతున్నాయి.

"మరి గాయన పండ్లెందుకు రాలగొట్టినవు రా?" అని అడిగాడు చివరికి.

"నిజం చెప్తుండె బాపూ."

జవాను వచ్చి టైం అయిందన్నాడు. సైదులు తువ్వాల దులిపి భుజాన వేసుకుని, తిరిగి చూడకుండా పోయాడు.

రాజీ రోజున పెద్దమనుషుల ముందు, జడ్జి ముందు సైదులు ఒకే మాట మీద నిలబడ్డాడు. కొడుకు కేకేశాడు, నేనే లేచాను, తప్పు నాది. విరిగిన పళ్ల సందుల్లోంచి వీరేశం బంతి గురించి ఏదో అనబోతే, సైదులు మిగిలిన కంటితో అతని వైపు ఊరికే చూస్తూ ఉన్నాడు. వీరేశం ఆగిపోయాడు. విజేందర్ బయటికొచ్చాడు. ఊరు డప్పులు కొట్టి తీసుకుపోయింది.

ఇప్పుడు విజేందర్ వరికోత మిషన్ నడుపుతాడు. మైదానం దిక్కు పోడు. పొద్దుటి పూట చెలకకు సద్ది తీసుకుపోయేది అతనే. గట్టు మీద నిలబడి "బాపూ" అని పిలుస్తాడు. సాళ్ల మధ్య కూర్చున్న సైదులు తలెత్తడు. మళ్లీ పిలుస్తాడు, ఇంకాస్త గట్టిగా. గడ్డి పీకే చెయ్యి ఆగదు. కన్నుతోపాటు చెవులు కూడా పోయినట్టున్నాయని బిక్షమ్మకు ఫికర్, దవాఖానలో చూపించమని కొడుకును రోజూ సతాయిస్తుంది. ఆమె ఇంట్లోంచి చిన్నగా పిలిచినా సైదులు పలుకుతాడు. ఆ సంగతి ఆమె ఇంకా గమనించలేదు. విజేందర్ గట్టు దిగి, పత్తి చెట్లను పక్కకు తోసుకుంటూ దగ్గరిదాకా నడిచి పోయి, సద్ది గిన్నె తండ్రి ముందు పెట్టి వస్తాడు.